పాలు తాగని కూన, వేళ్ళు కొరికే కూన

తల్లి లేని పిల్లికూన ఇంటికొస్తే గిన్నె వెతకడం కన్నా ముందు దాని వయసు అంచనా వేయండి. ఏం పెట్టాలో, ఎందుకు కొరుకుతోందో సగం అక్కడే తేలిపోతుంది. పుట్టిన ఏడు నుంచి 14 రోజుల్లో కళ్ళు తెరుస్తాయి. మూడు, నాలుగు వారాల వయసుకు ముందరి పళ్ళు కనిపిస్తాయి. బరువు నెల వయసుకు సుమారు 400-450 గ్రాములు, రెండు నెలల వయసుకు 800-900 గ్రాములు ఉంటుంది. వంటింటి కాటా మీద గిన్నె పెట్టి రోజూ తూచండి. రెండు రోజులు పెరగకపోతే ఏదో తేడా ఉన్నట్టే.

పాలు పట్టాక విరేచనాలు అవుతున్నాయి

చాలాసార్లు కారణం మన ఇంట్లో పాలే. ఆవు పాలైనా గేదె పాలైనా వాటిలోని లాక్టోజ్ కూనలకు సరిగా అరగదు. నీళ్ళు కలిపి పలచన చేస్తే అరుగుతుందనుకుంటారు కానీ, దానివల్ల అందే బలం కూడా తగ్గిపోతుంది. నాలుగు వారాల లోపు కూనకు పెట్ షాపుల్లో దొరికే కూనల పాలపొడి వాడండి. ఆ వయసు దాటి, ముద్ద తినడం అలవాటైన కూనకు అసలు పాలే అవసరం లేదు, మంచినీళ్ళు చాలు. పాలు మార్చినా తగ్గకపోయినా, కూన నీరసంగా పడుకున్నా అదే రోజు పశువుల డాక్టర్‌కు చూపించండి. అంత చిన్న ఒంట్లో నీరు చాలా త్వరగా తగ్గిపోతుంది.

నోట్లో పెట్టినా తాగడం లేదు

ఒళ్ళు ముట్టుకుని చూడండి. చల్లగా ఉంటే పాలు పట్టకూడదు, అరగవు. వేడినీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి అట్టపెట్టెలో ఒక మూల పెట్టండి. వేడి ఎక్కువైతే పక్కకు జరిగే చోటు ఉండాలి. ఒళ్ళు వెచ్చబడ్డాక గోరువెచ్చని పాలు, సూది తీసేసిన సిరంజితో చుక్కచుక్కగా పట్టండి. పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు వెల్లకిలా మాత్రం పట్టుకోవద్దు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా, తల కొంచెం పైకి ఉండాలి. ముక్కులోంచి పాలు వస్తే వెంటనే ఆపేయండి. రెండు వారాల లోపు కూనకు రాత్రిళ్ళు కూడా రెండు మూడు గంటలకోసారి పట్టాలి. పట్టిన ప్రతిసారీ తడిపిన దూదితో కింద మెల్లగా తుడిస్తేనే మూత్రం వస్తుంది. మూడు వారాల వరకూ అది తల్లి నాలుకతో చేసే పని.

పెరుగన్నం తప్ప ఏమీ ముట్టదు

మన ఇళ్ళలో ఎక్కువగా వినే మాట ఇదే. పెరుగన్నంతో కడుపు నిండుతుంది, పిల్లికి కావలసింది అందదు. మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం లేకపోతే కొన్ని నెలల్లో చూపు, గుండె దెబ్బతింటాయి. ఇంట్లో మాంసం వండకపోతే ప్యాకెట్ కిటెన్ ఫుడ్ పెట్టండి, కుక్కల ఫుడ్ కాదు. మొదట్లో వేడినీళ్ళలో నానబెట్టి మెత్తగా చేసి పెడితే వాసనకే దగ్గరికొస్తుంది. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించి ఎముకలు తీసిన కోడిమాంసం అప్పుడప్పుడు మంచిదే కానీ, రోజూ అదొక్కటే సరిపోదు. చికెన్ కూర పులుసు కలిపిన అన్నం వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకు విషం.

కడుపు చిన్నది కాబట్టి నాలుగు నెలల దాకా రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టండి. జలుబుతో ముక్కు మూసుకుపోతే వాసన తెలియక తినదు. ముక్కు తుడిచి, తిండి కాస్త వెచ్చజేయండి. చిన్న కూన అరపూట దాటినా ఏమీ తినకపోతే ఆగొద్దు, డాక్టర్‌కు చూపించండి.

తింటున్నా వెన్నెముక తేలి, పొట్ట మాత్రం ఉబ్బితే నులిపురుగులని అనుమానించాలి. మందు మోతాదు బరువును బట్టి డాక్టరే చెప్పాలి. మన మందుల డబ్బా తెరవొద్దు. ఒక్క పారాసిటమాల్ మాత్ర చాలు, పిల్లి ప్రాణం పోవడానికి.

చేతులు, కాళ్ళు కొరుకుతోంది

ఎంత గట్టిగా కొరికితే నొప్పి పుడుతుందో కూనలు తోబుట్టువులతో పెనుగులాడుతూ నేర్చుకుంటాయి. ఎనిమిది వారాల లోపే విడదీసిన కూనకు ఆ పాఠం సగమే అందుతుంది. మిగతాది మనం చెడగొడతాం. ముద్దుగా ఉందని దుప్పటి కింద వేళ్ళు ఆడిస్తాం, రేపటి నుంచి దానికి అదే వేట.

కొరికినప్పుడు చెయ్యి లాక్కోవద్దు. పారిపోయే ఎలకే కదా దానికి సరదా. చెయ్యి కదపకుండా ఆపి, అది వదిలాక మాట్లాడకుండా లేచి వెళ్ళిపోండి. ఒక నిమిషం తర్వాత చీపురు పుల్లకు గుడ్డముక్క కట్టి దూరం నుంచి ఆడించండి. ఆట అయ్యాక దాన్ని బీరువాలో పెట్టేయండి, పీలికలు, దారాలు మింగితే పేగుల్లో చిక్కుకుంటాయి. కొట్టడం, ముక్కు మీద తట్టడం వల్ల భయం పెరుగుతుందే కానీ అలవాటు పోదు. ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. అమ్మ ఆపమంటుంటే బాబాయి చేత్తో కుస్తీ పడితే ఎన్నాళ్ళైనా ఇంతే.

తెల్లవారుజామున కాలివేళ్ళ మీద పడితే అది కోపం కాదు. చీకటి విడిచే వేళ, చీకటి పడే వేళ పిల్లికి వేట సమయం. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు పరుగెత్తించి, ఆ వెంటనే చివరి తిండి పెట్టండి. వేటాడి, తిని, ఒళ్ళు నాక్కుని నిద్రపోవడం దాని క్రమం.

నిమురుతుంటే హఠాత్తుగా కొరికిందంటారు. తోక కొట్టుకోవడం, చెవులు వెనక్కి మళ్ళడం అంతకుముందే కనిపిస్తాయి, అక్కడే ఆపాలి. ఒకే చోట ముట్టుకుంటే కొరుకుతుంటే అక్కడ నొప్పి ఉందేమో చూడండి. మూడున్నర నుంచి ఆరు నెలల మధ్య పాల పళ్ళు రాలి కొత్తవి వస్తాయి, అప్పుడు దొరికిందల్లా నములుతుంది. చార్జర్ వైర్లు ఎత్తిపెట్టి, తడిపి ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డ ఇవ్వండి.

కొరికినా రక్కినా చర్మం తెగితే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా గురించి అడగండి. చిన్న కూనే కదా అని వదిలేయొద్దు, వీధిలో దొరికినదైతే అసలు వద్దు. కూనకు రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేయిస్తారు.