కొత్తగా బిగించిన పీసీ పని చేయడం లేదా? పార్టు పోయిందా, జత కుదరలేదా చూడండి

పోయిన దసరా సెలవుల్లో మా బాబాయి కొడుకు ఖమ్మం నుంచి వచ్చి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ సీటీసీ అనే చోట, ఒక రోజంతా తిరిగి పార్టులు కొనుక్కుని వెళ్లాడు. ఒకటి రెండు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు. రాత్రి పదకొండింటికి ఫోన్. "అన్నా, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్‌లో మాత్రం నో సిగ్నల్ అంటోంది. మదర్‌బోర్డు పోయినట్టుంది, రేపు బస్సెక్కి తెచ్చేస్తా" అని ఒకటే టెన్షన్.

బోర్డు పోలేదు, అసలు ఏ పార్టూ పోలేదు. వాడు కొన్నది ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600. ఆ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు. గ్రాఫిక్స్ కార్డేమో వచ్చే నెల జీతం వచ్చాక కొందామని ఆగాడు. బోర్డు వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది కదా, బొమ్మ వస్తుందిలే అనుకున్నాడు. పోర్టు బోర్డుదే, కానీ బొమ్మను తయారు చేయాల్సింది ప్రాసెసర్.

ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ నేను బిగించిన వాటిలో నిజంగా చచ్చిన పార్టు దొరికింది చాలా అరుదు. ఎక్కువసార్లు రెండు మంచి పార్టులు ఒకదానితో ఒకటి పొసగకపోవడమే అసలు సంగతి. అందుకే ఏం కనిపిస్తోంది, ఎందుకలా, ఏం చేయాలి అనే వరసలో రాస్తున్నా. ఇంకా కొననివాళ్లు కూడా చదవండి, వీటిలో సగం కొనేటప్పుడే తప్పించుకోగలిగినవి.

ఏది ముట్టుకునే ముందైనా ఎస్‌ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) వెనక స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. తర్వాత బోర్డు మీద సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ ఉన్న డిస్కు) అని చిన్న అక్షరాల పక్కన లైట్లు ఉన్నాయేమో చూడండి. ఇప్పుడొచ్చే చాలా బోర్డుల్లో ఉంటాయి. ఆన్ చేశాక వాటిలో ఏది ఆరకుండా నిలిచిపోతే వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే రావడం లేదు

అందరికీ ఎదురయ్యేది ఇదే, కారణాలూ చాలా ఉన్నాయి, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మొదట ప్రాసెసర్ పేరు చివర అక్షరం చూడండి. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే, ఉదాహరణకు ఐ5-12400ఎఫ్, గ్రాఫిక్స్ లేనట్టే. అదే ఎఫ్ లేని 12400లో ఉంటుంది. ఏఎండీ పాత ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) వాటిలో లెక్క తిరగబడుతుంది: 5600లో ఉండదు, చివర జీ ఉన్న 5600జీలో ఉంటుంది. కొత్త సాకెట్ అయిన ఏఎం5లో వచ్చిన రైజెన్ 7000 వాటిలో చిన్నదైనా గ్రాఫిక్స్ ఉంటుంది, కానీ 7500ఎఫ్ లాంటి ఎఫ్ రకాల్లో ఉండదు. లేనిది కొనేశారంటే గ్రాఫిక్స్ కార్డు పెట్టక తప్పదు, బయాస్‌లో (పీసీని మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్, సెట్టింగ్‌లు అందులోనే ఉంటాయి) ఎంత వెతికినా దారి దొరకదు. సీల్ తీసిన ప్రాసెసర్‌ను షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు కాబట్టి, మా తమ్ముడికి నా దగ్గర మూలన పడి ఉన్న పాత జీటీ 710 కార్డు పంపించా, నెల గడిచింది.

గ్రాఫిక్స్ కార్డు ఉంది, అయినా రాలేదంటే కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. బోర్డు హెచ్‌డీఎంఐలో కాదు, కింద అడ్డంగా ఉన్న కార్డు పోర్టులో పెట్టాలి.

తర్వాత పవర్. 24 పిన్నుల పెద్ద కేబుల్ ఒక్కటే సరిపోదు. బోర్డు పై మూలన ప్రాసెసర్ కోసం వేరే 8 పిన్నుల సాకెట్ ఉంటుంది, 4+4గా విడిపోయే కేబుల్ దానికి పెట్టాలి. అది పెట్టకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, అందుకే పవర్ బాగానే ఉందని పొరబడతాం. గ్రాఫిక్స్ కార్డుకు పెట్టే 8 పిన్నుల కేబుల్ 6+2గా విడిపోతుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నా వైరింగ్ వేరు, ఒకదాని చోట ఇంకొకటి బలవంతంగా నొక్కొద్దు.

ఇవన్నీ సరిగ్గా ఉండి సీపీయూ లైటు ఆరకపోతే బయాస్‌ను అనుమానించాలి. సాకెట్ ఒకటే అయినంత మాత్రాన సరిపోదు. బీ450 బోర్డులో రైజెన్ 5000 ప్రాసెసర్ చక్కగా కూర్చుంటుంది, కానీ బోర్డు పాత స్టాకు అయితే దాన్ని గుర్తుపట్టదు. హెచ్610, బీ660 బోర్డుల్లో 13, 14వ తరం ఇంటెల్ పెట్టినా, తొలి బీ650 బోర్డుల్లో రైజెన్ 9000 పెట్టినా ఇదే కథ. బోర్డు వెనక బయాస్ ఫ్లాష్‌బ్యాక్ అనే బటన్ ఉంటే మీ పని సులువు: కంపెనీ సైటు నుంచి ఆ బోర్డు ఫైలే దించుకుని, మాన్యువల్‌లో చెప్పిన పేరు పెట్టి, ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆ బటన్‌కు కేటాయించిన యూఎస్‌బీ పోర్టులో పెట్టి బటన్ నొక్కి పట్టుకోవాలి. లైటు మిణుకుమిణుకుమంటూ కొన్ని నిమిషాలు నడుస్తుంది, ఆ సమయంలో కరెంటు పోకూడదు, యూపీఎస్ మీద చేయండి. బటన్ లేని బోర్డయితే పాత ప్రాసెసర్ ఎవరి దగ్గరైనా అరువు తేవాలి, లేదా కొన్న షాపులోనే అప్‌డేట్ చేయించాలి. కొనేటప్పుడే "ఈ ప్రాసెసర్‌కు బయాస్ అప్‌డేట్ చేసి ఇవ్వండి" అని అడిగితే చాలా షాపులు చేసిపెడతాయి. ఈ ఒక్క మాట అడగక ఎంతమంది రెండోసారి ప్రయాణం కట్టారో!

డీర్యామ్ లైటు వెలుగుతుంటే ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా నొక్కండి, క్లిప్ టక్‌మని పడాలి. నాలుగు స్లాట్లుండి రెండే ర్యామ్‌లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది, అంటే ఏ2, బీ2 స్లాట్లలో పెట్టాలి. ఇంకో మాట, ఏఎం5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు డీడీఆర్5 ర్యామ్‌ను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు నల్ల స్క్రీన్‌తోనే ఉంటుంది. పాడైందనుకుని మాటిమాటికీ ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. టీ పెట్టుకుని తాగేంత సేపు ఆగండి.

ర్యామ్ స్లాట్‌లో దిగడం లేదు

నొక్కడం ఆపేయండి. డీడీఆర్4కీ డీడీఆర్5కీ 288 పిన్నులే, పొడవూ ఒకటే, మధ్యలో గాటు మాత్రం వేరే చోట ఉంటుంది. ఏఎం4 బోర్డులకు డీడీఆర్4, ఏఎం5 బోర్డులకు డీడీఆర్5 మాత్రమే. ఇంటెల్ 12, 13, 14వ తరాలు రెండింటినీ ఒప్పుకుంటాయి కాబట్టి అక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు: ప్రాసెసర్ ఒప్పుకున్నా బోర్డు సాధారణంగా ఒక్క రకానికే చేసి ఉంటుంది. బీ760 అనే పేరు చూసి కొనకండి, అదే పేరు మీద డీ4 అని రాసి ఉన్నదీ లేనిదీ రెండూ అమ్ముతారు. పెట్టె మీద ర్యామ్ రకం చదివి తీసుకోండి. తప్పు వచ్చిందంటే ర్యామ్ మార్చుకోవడమే, వేరే మందు లేదు.

గేమ్ పెట్టగానే ఆఫ్ అయిపోతోంది

డెస్క్‌టాప్ మీద గంటలు నడుస్తుంది, గేమ్ మొదలైన రెండు నిమిషాలకు టక్‌మని ఆగిపోతుంది. ముందుగా ఎస్‌ఎంపీఎస్ చూడండి. క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చే డబ్బాల మీద 450 వాట్లు అని రాసి ఉంటుంది, లేబుల్‌లో 12 వోల్టుల వరస ఎన్ని ఆంపియర్లో చదివితే అసలు సత్తా తెలుస్తుంది: ఆంపియర్లను 12తో హెచ్చవేయండి, వచ్చే వాట్లే ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ దక్కేవి. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు తినేది 115 వాట్లే అయినా మొత్తం సిస్టమ్‌కు 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని ఎన్విడియా చెబుతుంది. దీంట్లో మిగిల్చే వెయ్యి రూపాయలు దయచేసి మిగల్చకండి. ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చు, గ్రాఫిక్స్ కార్డు తర్వాత కొనుక్కోవచ్చు, కానీ మిగతా అన్నిటికీ కరెంటు ఇచ్చేది ఇదొక్కటే.

కరెంటు పోయినప్పుడు మాత్రమే ఆగిపోతుంటే తప్పు పీసీది కాదు, యూపీఎస్‌ది. ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తుంది. గేమ్ నడిచే పీసీ, మానిటర్ కలిపితే దాన్ని సులువుగా దాటొచ్చు. పైగా యాక్టివ్ పీఎఫ్‌సీ (లోపలికి తీసుకునే కరెంటును సరిచేసే సర్క్యూట్) ఉన్న కొన్ని మంచి ఎస్‌ఎంపీఎస్‌లు చవక యూపీఎస్ ఇచ్చే చదరపు తరంగంతో పొసగక లోడు తక్కువున్నా ఆగిపోతాయి. పెద్ద యూపీఎస్, వీలైతే సైన్ వేవ్ (గోడ కరెంటులాంటి నున్నని తరంగం) ఇచ్చేది తీసుకోవాలి.

ఎస్‌ఎంపీఎస్ మార్చేటప్పుడు ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి. విడదీయగలిగే కేబుళ్లున్న రకం అయితే పాత కేబుళ్లను అలాగే వదిలేసి డబ్బా ఒక్కటే మార్చకూడదు. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకంగా, ఒకే కంపెనీలో కూడా మోడల్‌కో రకంగా ఉంటుంది. కనెక్టర్ దిగుతుంది, ఆన్ చేయగానే హార్డ్ డిస్కు కాలిపోవచ్చు. నా స్నేహితుడొకడు అలా పెళ్లి ఫొటోలున్న డిస్కు పోగొట్టుకున్నాడు. డబ్బాతో వచ్చిన కేబుళ్లే వాడండి.

ఎస్‌ఎస్‌డీ కనబడటం లేదు

ఎం.2 అనేది నేరుగా బోర్డు మీద దిగే ఎస్‌ఎస్‌డీ ఆకారం పేరు మాత్రమే. ఆ ఆకారంలో సాటా (హార్డ్ డిస్కులు వాడే పాత పద్ధతి) రకమూ ఉంది, ఎన్‌వీఎంఈ (వేగమైన కొత్త పద్ధతి) రకమూ ఉంది. ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకునే స్లాట్‌లో సాటా రకం పెడితే చక్కగా దిగుతుంది, బయాస్‌లో మాత్రం కనబడదు. కొత్తగా కొనేవాళ్లు ఎన్‌వీఎంఈనే కొనండి. ఎం.2 పెట్టగానే అప్పటిదాకా పనిచేసిన హార్డ్ డిస్కు మాయమైతే, ఆ స్లాటూ ఒక సాటా పోర్టూ ఒకే దారిని పంచుకుంటున్నాయన్నమాట. మాన్యువల్‌లో ఏ పోర్టో రాసి ఉంటుంది, కేబుల్ పక్క పోర్టుకు మార్చండి. బయాస్‌లో కనిపించి విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కనబడకపోతే, ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన వీఎండీ అనే సెట్టింగ్ ఆపండి, లేదా ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి లోడ్ చేయండి.

ఇన్‌స్టాల్ అయ్యాక వైఫై లేదని కంగారు పడేవాళ్లున్నారు. తక్కువ ధర బోర్డుల్లో చాలావాటికి వైఫై ఉండనే ఉండదు, పేరులో వైఫై అని ఉంటేనే ఉన్నట్టు. అప్పటికి ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి డ్రైవర్లు దించుకోండి.

పని చేస్తోంది, కానీ కొన్నంత స్పీడు లేదు

6000 అని కొన్న డీడీఆర్5, టాస్క్ మేనేజర్‌లో 4800 చూపిస్తుంది. మోసం కాదు, ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్‌ను, ఇంటెల్‌కు ఎక్స్‌ఎంపీ, ఏఎండీకి ఎక్స్‌పో అనే దాన్ని, బయాస్‌లో ఆన్ చేయాలి. కానీ హెచ్610 బోర్డులో ర్యామ్‌ను అధికారిక వేగానికి మించి నడిపే వీలు లేదు, దాంట్లో 3600 డీడీఆర్4 పెట్టినా 3200 దగ్గరే ఆగుతుంది, ఆ తేడా డబ్బు వృథా. ఏఎం5లో నాలుగు ర్యామ్‌లు నింపితే వేగం బాగా పడిపోతుంది, ముందే పెద్దవి రెండు తీసుకోండి. గ్రాఫిక్స్ కార్డు లేకుండా 5600జీ వాడేవాళ్లయితే ఒక 16 జీబీ కంటే రెండు 8 జీబీలే కొనండి, గేముల్లో తేడా కళ్లకు కనబడుతుంది.

వేడెక్కి నెమ్మదిస్తుంటే ముందు కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూడండి. తర్వాత బ్రాకెట్: ఇంటెల్ 10, 11వ తరాల బోర్డుల్లో కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మి.మీ., 12వ తరం నుంచి 78. పాత కూలర్‌కు ఎల్‌జీఏ1700 (12 నుంచి 14వ తరాల ఇంటెల్ సాకెట్) కిట్ అడిగి తెప్పించుకోవాలి, వంచి బిగిస్తే ప్రాసెసర్‌కు సరిగ్గా ఆనదు. టవర్ కూలర్లు చాలావరకు 150 నుంచి 160 మి.మీ. ఎత్తుంటాయి. క్యాబినెట్ పక్క తలుపు పడుతుందో లేదో, గ్రాఫిక్స్ కార్డు పొడవు ఎంతవరకు పడుతుందో కొనేముందే దాని వివరాల్లో చూసుకోండి.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది

ఇది పార్టుల తప్పు కాదు, గోడ సాకెట్‌ది. ఎర్తింగ్ లేకపోతే ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు క్యాబినెట్ రేకులోకి వస్తుంది. మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల కన్వర్టర్‌తో పెట్టిన ఇళ్లలో ఇది మామూలే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ వేయించండి, అప్పటిదాకా పిల్లల్ని దగ్గరికి రానీయకండి.

ఇవేవీ కాకపోతే

బోర్డును క్యాబినెట్ నుంచి తీసి, దాని అట్టపెట్టె మీద పెట్టండి. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్, అవసరమైతే గ్రాఫిక్స్ కార్డు, అంతే. పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం తాకించి ఆన్ చేయండి. బయట నడిచి లోపల నడవకపోతే, బోర్డుకు రంధ్రం లేని చోట ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును ఎత్తి పట్టే చిన్న స్తంభం) ఒకటి మిగిలిపోయి వెనక నుంచి షార్ట్ చేస్తుండొచ్చు, ఉంటే దాన్ని తీసేయండి. బయటా నడవకపోతే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిదు నిమిషాలు తీసి పెట్టి చూడండి, రెండో ర్యామ్‌తో చూడండి, ఇంకెవరి ఎస్‌ఎంపీఎస్‌తోనైనా చూడండి. అప్పటికీ కాకపోతేనే పార్టు మీద అనుమానం పెట్టుకుని, జీఎస్టీ బిల్లు, పెట్టె, సీరియల్ నంబరుతో షాపుకెళ్లండి. ఇంటెల్, ఏఎం5 బోర్డయితే (ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి) వెళ్లేముందు సాకెట్ పిన్నులను దగ్గరగా ఫొటో తీసి, సాకెట్ మీద ప్లాస్టిక్ మూత తిరిగి పెట్టండి. మూత లేకుండా తీసుకెళ్లిన బోర్డులో దారిలో ఒక్క పిన్ను వంగినా వారంటీ ఇవ్వరు.