వాడిన గాజు సీసాలను మళ్లీ నిల్వకు సిద్ధం చేసుకోవడం ఎలా?

ముందు సీసాను కాదు, మూతను చూడండి. గాజు దేన్నీ పీల్చుకోదు, ఎన్నిసార్లు వాడినా గాజే. మూత లోపలి మెత్తటి పొర అలా కాదు, పాత వాసనను పట్టుకు కూర్చుంటుంది. కడిగి ఎండబెట్టాక కూడా వాసన వస్తున్నా, తుప్పు చుక్క కనిపించినా, పొర లేచినా ఆ మూతను వదిలేయండి.

తర్వాత సీసా అంచు చుట్టూ గోరు తిప్పి చూడండి. వేలు పెట్టకండి, తెగుతుంది. గోరు ఎక్కడైనా తట్టుకుందంటే అక్కడ గాజు పెచ్చు లేచినట్టే. ఆ సీసా పెన్నులు పెట్టుకోవడానికి పనికొస్తుంది.

లేబుల్ సంగతి తేలికే. వేడి నీళ్లలో అరగంట నానితే కాగితం వచ్చేస్తుంది. మిగిలిన జిగురుకు వంటనూనె, వంటసోడా సమంగా కలిపి పూసి, పావుగంట ఆగి రుద్దండి. ఆపైన లోపలా బయటా సబ్బుతో కడగాలి. స్టీలు పీచు వద్దు. గీత పడిన చోటే గాజు తర్వాత పగులుతుంది.

ఇక మరిగించడం. వెడల్పాటి గిన్నె అడుగున మడతపెట్టిన బట్ట పరిచి, దాని మీద సీసాలు నిలబెట్టండి. గోరువెచ్చని నీళ్లు సీసాల లోపల నిండి, పైన ఇంకో అంగుళం ఉండేలా పోయండి. నీళ్లూ సీసాలూ కలిసే వేడెక్కాలి. మొదటిసారి నేను చల్లటి సీసాను మరిగే నీళ్లలో దించాను. టప్పున చిన్న చప్పుడు, అంతే. పైకి తీస్తే అడుగు గుండ్రటి బిళ్లలా ఊడి గిన్నెలోనే ఉండిపోయింది.

నీళ్లు కళపెళా మరగడం మొదలయ్యాక 10 నిమిషాలు ఉంచండి. ఎత్తైన ప్రాంతాల్లో నీరు 100 డిగ్రీల లోపే మరుగుతుంది కాబట్టి, ప్రతి 300 మీటర్లకు ఇంకో నిమిషం కలపాలి. గాజు మీద తెల్లటి పొర కడుతుంటే నీళ్లలో కాస్త వెనిగర్ వేయండి. మూతలను ఇంతసేపు మరిగిస్తే లోపలి పొర పాడవుతుంది. పొయ్యి ఆపాక ఆ వేడి నీళ్లలో కాసేపు వేస్తే చాలు. ఓవెన్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు గానీ, పొడి వేడిలో సీసాలు చిట్లే ప్రమాదం ఎక్కువ. నేనైతే నీళ్లనే నమ్ముకుంటాను.

ఎక్కువమంది కష్టమంతా వృథా అయ్యేది ఆరబెట్టే దగ్గరే. పట్టకారుతో తీసి, నీళ్లు వంపేసి, సీసాను బోర్లించకుండా నిలబెట్టండి. బోర్లిస్తే ఆవిరి లోపలే చిక్కుకుంటుంది. నిలబెడితే దాని వేడికే అదే ఆరుతుంది. వంటింటి గుడ్డతో లోపల తుడిచారా, మరిగించిన పని మళ్లీ మొదటికొచ్చినట్టే. సీసాను వెలుతురుకు ఎత్తి, దాని మెడ కింద భుజాల్లా వంగే చోట చూడండి. చెమ్మ ఆగేది అక్కడే, బూజు మొదలయ్యేదీ అక్కడే.

వేడి పదార్థాన్ని వేడి సీసాలో, చల్లటిదాన్ని పూర్తిగా చల్లారిన సీసాలో నింపాలి.

ఇంకో సంగతి. బొటులిజం, అంటే తిండి విషమై ప్రాణం మీదికి తెచ్చే జబ్బు, దాన్ని తెచ్చే బ్యాక్టీరియా బీజాలు 100 డిగ్రీల దగ్గర చావవు, వాటికి ఆవిరి పీడనంలో 121 డిగ్రీల దాకా వేడి కావాలి. జామ్ లాంటి పుల్లటి వాటిలో అవి మొలకెత్తలేవు. పులుపు లేనివాటిలో, ముఖ్యంగా వెల్లుల్లి వేసిన నూనె లాంటి గాలి తగలని వాటిలో, మొలకెత్తగలవు. రంగు, వాసన మారకుండానే విషం తయారై ఉండొచ్చు. అలాంటివాటిని ఎంత శుభ్రమైన సీసాలో పోసినా ఫ్రిజ్‌లోనే పెట్టి, నాలుగు రోజుల్లో వాడేయండి.