ఇల్లు కొనేటప్పుడు, అమ్మేటప్పుడు ఏ కాగితాలు చూసుకోవాలి?

ఇల్లు నచ్చగానే బయానా చేతిలో పెట్టేయడం మనలో చాలామందికి అలవాటు. మంచి రోజు దాటిపోతుందని ఇంట్లోవాళ్లు, ఇంకో పార్టీ సిద్ధంగా ఉందని మధ్యవర్తి తొందరపెడతారు. బయానా ఇచ్చేశాక కాగితాలు అడిగితే అడిగినట్టు ఉండదు, బతిమాలినట్టు ఉంటుంది. కాబట్టి ముందు కాగితాలు, ఆ తర్వాతే డబ్బు. ఇందులో మొహమాటపడాల్సిన పని లేదు. కొనేవారు అడిగితే యాజమాన్య పత్రాలు చూపించాలని, తనకు తెలిసిన, పైకి కనిపించని లోపాలను అమ్మేవారే చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లోనే ఉంది.

1. లింకు దస్తావేజులు వరసగా పేర్చండి

అమ్మేవారి పేరిట ఉన్న సేల్ డీడ్ ఒక్కటే చాలదు. ఆయనకు అమ్మినవారికి ఆ ఆస్తి ఎలా వచ్చింది, అంతకుముందు వారికి ఎలా వచ్చింది అన్నది కనీసం 30 ఏళ్ల వెనక్కి వెళ్లి చూడాలి. ఒక దస్తావేజులో కొన్నవారే తర్వాతి దస్తావేజులో అమ్మినవారుగా ఉండాలి. మధ్యలో ఒక్క పేరు తెగినా అక్కడే ఆగి కారణం అడగండి.

చాలామంది దస్తావేజు మొదటి పేజీ చదివి చివరి పేజీలో సంతకం చూస్తారు. అసలు సంగతి ఉండేది షెడ్యూలులో. సర్వే నంబరు, ఇంటి నంబరు, చదరపు గజాలు, నాలుగు దిక్కుల హద్దులు అక్కడే ఉంటాయి. ఆ పేజీ పట్టుకుని స్థలంలోనే నిలబడి చదవండి. ‘తూర్పు: 30 అడుగుల రోడ్డు’ అని రాసి ఉండి ఎదురుగా పక్కింటి గోడ కనిపిస్తే, లేదా పాత దస్తావేజులో 200 గజాలున్నది కొత్తదానిలో 220 అయితే, దానికి జవాబు దొరికాకే ముందుకు వెళ్లాలి.

వారసత్వంగా వచ్చిన ఇల్లయితే మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పంపకాలు జరిగి ఉంటే భాగపరిష్కార పత్రం అడగండి. ‘అక్కచెల్లెళ్లకు పెళ్లిళ్లయిపోయాయి, వాళ్ల సంతకాలు ఎందుకండీ’ అనే మాటకు లొంగవద్దు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు ఉంది, పెళ్లయినా పోదు.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే యజమాని తరఫున వ్యవహరించేందుకు ఇచ్చే అధికార పత్రం) ఒక్కటే చూపించి అమ్ముతామంటే ఒప్పుకోవద్దు. దానితో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. విదేశాల్లో ఉన్న యజమాని తరఫున ఇక్కడి బంధువు సంతకం చేస్తుంటే ఆ పవర్ ఆఫ్ అటార్నీకి అక్కడి భారత కాన్సులేట్ ధ్రువీకరణ ఉందో, మన దేశానికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించారో చూడండి. యజమానితో వీడియో కాల్‌లో ఒకసారి మాట్లాడండి. అది ఇచ్చిన మనిషి చనిపోతే సాధారణంగా ఆ పవర్ కూడా చెల్లదు.

2. ఈసీ తీయండి, దానితోనే సరిపెట్టవద్దు

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ ఆస్తిపై రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల వివరాల పత్రం) దొరుకుతుంది. అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లాలి. మీరిచ్చిన వివరాలతో సరిపోలిన లావాదేవీలే అందులో వస్తాయి. కాబట్టి పాత, కొత్త ఇంటి నంబర్లతో విడివిడిగా వెతకండి. రిజిస్టరు కాని ఒప్పందాలు, వీలునామాలు ఈసీలో కనిపించవు. కోర్టు కేసులూ చాలావరకు కనిపించవు. అసలు దస్తావేజులు కళ్లతో చూడాలని పట్టుబట్టేది ఇందుకే. అవి బ్యాంకులో ఉన్నాయంటే అప్పు ఉన్నట్టే. ఎంత బాకీ ఉందో బ్యాంకు నుంచే లేఖ తెప్పించండి.

రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింద ఉన్న నిషేధిత ఆస్తుల జాబితానూ సర్వే నంబరుతో చూసుకోండి. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు అందులో ఉంటాయి.

3. ఫ్లాట్ అయితే ఇంకొన్ని

భూయజమానికీ బిల్డర్‌కూ మధ్య జరిగిన డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ (స్థలం ఒకరిది, కట్టడం మరొకరిది అయితే ఫ్లాట్లు పంచుకునే ఒప్పందం) చదివి, మీరు కొనే ఫ్లాట్ ఎవరి వాటాలోదో తేల్చుకోండి. బిల్డర్ వాటా ఫ్లాటును భూయజమాని, భూయజమాని వాటా ఫ్లాటును బిల్డర్ అమ్మజూపడం కొత్తేమీ కాదు. ఆ తర్వాత మీకు వచ్చే అవిభాజ్య వాటా (ఫ్లాట్ల వాళ్లందరికీ ఉమ్మడిగా ఉండే స్థలంలో మీ భాగం) ఎన్ని గజాలో చూడండి. 600 గజాల స్థలంలో ఒకే విస్తీర్ణంలో 10 ఫ్లాట్లుంటే ఒక్కోదానికి 60 గజాలు రావాలి. 42 అని రాసి ఉంటే మిగతాది ఎవరి దగ్గరుందో అడగాల్సిందే.

ఆమోదించిన ప్లాన్‌లో నాలుగు అంతస్తులుండి, మీరు చూస్తున్నది ఐదో అంతస్తు అయితే తిరిగి వచ్చేయండి. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ అనుమతి తీసుకునేటప్పుడు బిల్డర్ నిర్మాణంలో 10 శాతాన్ని మున్సిపల్ కార్పొరేషన్‌కు తనఖా పెట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో నివాసం ఉండవచ్చన్న అనుమతి పత్రం) వచ్చాకే దాన్ని విడిపిస్తారు. మీ ఫ్లాట్ ఆ 10 శాతంలో ఉందేమో తనఖా పత్రంలో చూడండి.

కట్టడం పూర్తికాని ప్రాజెక్టుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి. స్థలం 500 చదరపు మీటర్లకు, ఫ్లాట్లు 8కి మించని చిన్నవాటికి మినహాయింపు ఉంది. అగ్రిమెంట్ రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని రెరా చట్టం చెబుతోంది.

4. అమ్మేవారు సిద్ధం చేసుకోవాల్సినవి

పైన చెప్పినవన్నీ ఒక ఫైలులో పెట్టుకుంటే బేరం త్వరగా తెగుతుంది. వాటితో పాటు ఇంటి పన్ను, కరెంటు, నీటి బిల్లుల తాజా రసీదులు, అపార్ట్‌మెంట్ సంఘం నుంచి బాకీ లేదన్న లేఖ, పాన్, ఆధార్ ఉండాలి. పాత గృహరుణం తీరిపోయి ఉంటే ఆ తనఖా విడుదల ఈసీలో ఎక్కిందో లేదో ముందే చూసుకోండి. అసలు దస్తావేజు పోతే దాచిపెట్టకుండా పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన, సబ్ రిజిస్ట్రార్ ఇచ్చే ధ్రువీకృత నకలు సిద్ధం చేసుకోండి.

5. డబ్బు చేతులు మారేటప్పుడు

అగ్రిమెంట్‌లో మొత్తం ధర, గడువు, టైటిల్‌లో లోపం బయటపడితే బయానా తిరిగి ఇవ్వాలన్న షరతు రాయించండి. ధర 50 లక్షలు లేదా అంతకంటే ఎక్కువైతే కొనేవారు 1 శాతం టీడీఎస్ (చెల్లింపులోంచే ముందుగా కోసే ఆదాయపు పన్ను) మినహాయించి అమ్మేవారి పాన్ మీద కట్టాలి. అమ్మేవారు ఎన్నారై అయితే ఈ 1 శాతం లెక్క వర్తించదు, కోత ఎక్కువ. చెల్లింపుకు ముందే ఆడిటర్‌ను అడగండి.

రిజిస్ట్రేషన్ అయ్యాక అసలు లింకు దస్తావేజులు, తాళాలు తీసుకుని, కొన్ని రోజులాగి కొత్త ఈసీ తీసి మీ పేరు ఎక్కిందో చూడండి. ఇంటి పన్ను, కరెంటు మీటరు పేర్లు వాటంతట అవే మారతాయని ఊరుకోకుండా తర్వాతి బిల్లులో ఎవరి పేరుందో చూసి, పాతదే ఉంటే దరఖాస్తు పెట్టండి.