టెస్టింగ్ పట్టికలో పైపేరు చూసి బిర్యానీ పందెం కట్టకండి

2019లో నేను కట్టాను. బార్సిలోనాలో ఫార్ములా వన్ టెస్టింగ్ (సీజన్‌కి ముందు కార్లను పరీక్షించడం) చివరి రోజు ఒక ల్యాప్‌కి, అంటే ట్రాక్ మీద ఒక చుట్టుకి, ఫెరారీలో వెటెల్ 1:16.221, మెర్సిడెస్‌లో హామిల్టన్ 1:16.224. తేడా సెకనులో వెయ్యో వంతులు మూడు. ఇద్దరివీ సీ5 టైర్లే, అన్నిటికంటే మెత్తనివి. ఈ ఏడాది ఫెరారీదే అని ఆఫీసులో అందరి ముందూ అనేశాను. రెండు వారాలు దాటాక మెల్‌బోర్న్‌లో జరిగిన మొదటి రేసులో మెర్సిడెస్‌లోనే ఇంకో డ్రైవర్ బోటాస్ గెలిచాడు, వెటెల్ 57 సెకన్లు వెనకబడి నాలుగోవాడిగా వచ్చాడు. బిర్యానీ డబ్బులు నావే.

నన్ను ముంచింది పెట్రోలు. ట్యాంకులో ఎంత పోశారో ఏ టీమూ చెప్పదు. పది కిలోలు ఎక్కువుంటే బహ్రెయిన్ లాంటి ట్రాక్ మీద ల్యాప్‌కి సుమారు 0.3 సెకన్లు పోతాయి. 2025 దాకా రేసుకి వంద కిలోల పైమాటే నింపేవారు, అంటే మూడు సెకన్లు. ఇక 0.003 ఏ మూలకి?

అందుకే ఇప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టుకుని వరసగా తిరిగిన ల్యాపులే రాసుకుంటాను. 2025 దాకా ఉన్న లెక్కలో రేసులో ల్యాప్‌కి సుమారు 1.8 కిలోల చొప్పున పెట్రోలు ఖర్చయ్యేది, అంటే టైరు అరగకపోతే ప్రతి ల్యాపూ టైం 0.05 సెకన్ల పైచిలుకు తగ్గాలి. ఒక కారు 1:36.5తో మొదలై పన్నెండో ల్యాప్‌లోనూ 1:36.5 వేసిందనుకుందాం. టైరు పోగొట్టిందంతా పెట్రోలు తిరిగిచ్చింది, కారు బాగున్నట్టే. ఇంకోటి 1:36.2తో మొదలై 1:37.4కి చేరితే, మొదటి ల్యాప్ ఎంత ముచ్చటగా ఉన్నా టైర్లను తినేస్తోంది. నేనైతే మొదటి కారునే తీసుకుంటాను.

కానీ రెండిట్లో పెట్రోలు ఒకేలా ఉందని నమ్మకమేంటి? పిట్‌లోకి (ట్రాక్ పక్కన కారు ఆపే చోటికి) వచ్చినప్పుడు చూడండి. టైర్లు మార్చి వెంటనే పంపేసి, అలా మొత్తం 57 ల్యాపుల దాకా (బహ్రెయిన్ రేసు అంతే) తిప్పితే అది రేసు రిహార్సల్, నిండు ట్యాంకుతో మొదలైనట్టే. గ్యారేజీలోకి తోసేశారా, ఆ లెక్క కొట్టేయండి. లోపల ఏం పోశారో, ఏం తీశారో మనకి కనపడదు.

టైం కూడా రాసుకోండి. బహ్రెయిన్ ట్రాక్ ఉన్న సాఖిర్‌లో మధ్యాహ్నం ఎండకి ట్రాక్ కాగిపోతుంది. అసలు రేసు లైట్ల కింద జరుగుతుంది కాబట్టి టెస్టింగ్‌లో చివరి గంటే దానికి దగ్గర. 2025లో అది మనకి రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర. (ఆ ఏడాది మొదటి రోజు అక్కడ కరెంటు పోయింది. మనకేనా!)

అప్పుడు పట్టికలో పైన ఉన్నది విలియమ్స్‌లో సైన్జ్, 1:29.348. నా నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో రెండు గీతలు పడ్డది మాత్రం రెండో రోజు మెక్‌లారెన్‌లో నారిస్ తిప్పిన లాంగ్ రన్ (వరస ల్యాపులు) కింద. ఆ ఏడాది టైటిల్ అతనే కొట్టాడు. బిర్యానీ పందెం ఎవరూ కట్టలేదు.