డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ శిక్షణకు వెళ్ళేవారు పాటించవలసిన జాగ్రత్తలు

అండమాన్‌లో స్కూబా డైవింగ్ (వీపున గాలి ట్యాంకుతో నీటి అడుగున ఈదడం) సీజన్ అక్టోబరులో మొదలై మే దాకా నడుస్తుంది. డైవ్‌మాస్టర్ (ఇన్‌స్ట్రక్టర్‌కు ముందు మెట్టు) స్థాయి దాటి ఇన్‌స్ట్రక్టర్ కావాలనుకునే మన విశాఖ, హైదరాబాద్ యువతీయువకులు ఈ రోజుల్లోనే హేవ్‌లాక్ దీవికి (ఇప్పటి స్వరాజ్ ద్వీప్) బయలుదేరుతుంటారు కనుక, వారు పడవ ఎక్కేలోపే ఈ నాలుగు మాటలు చెప్పాలని రాస్తున్నాను. గత సీజన్ చివర అక్కడ శిక్షణలో ఉన్న ఒక యువకుడు, పరీక్ష దగ్గరపడిందన్న తొందరలో, జలుబు చేసిన సంగతి ఎవరికీ చెప్పకుండా మాత్ర వేసుకుని నీళ్ళలోకి దిగాడు. చెవులు తెరుచుకోకపోతే ముక్కు మూసుకుని బలంగా ఊదాడు. లోపలి చెవి దగ్గర ఉండే సన్నటి పొర చినిగింది. ఎడమ చెవికి ఇప్పుడు వినపడదు. హోరు మాత్రం రాత్రింబవళ్ళు ఉంటుంది. ఏ సర్టిఫికెట్ కోసం అంత ఆత్రపడ్డాడో దానితో అతనికి ఇక పనిలేదు.

ఒంటరిగా దిగకూడదు, ఊపిరి బిగబట్టకూడదు వంటివి మొదటి కోర్సులోనే నేర్చుకుని ఉంటారు కనుక వాటిని ఇక్కడ తిరగదోడను. ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ దాకా వచ్చినవారికి తెలియనివి తక్కువ. అయినా దెబ్బతిన్నవారిలో నేను చూసినంతవరకు అందరిదీ ఒకటే తప్పు: ఒంట్లో తేడా చేసిందని తెలిసీ శిక్షకుడికి చెప్పకుండా దిగడం. ఫీజు ముందే కట్టేసి ఉంటారు. పరీక్ష పెట్టేవారు బయటినుంచి వస్తారు కనుక తేదీ జరపడం శిక్షణ ఇచ్చేవారి చేతిలో ఉండదు. తోటివారంతా దిగుతుంటే తానొక్కడే బోటు మీద కూర్చోవడం చిన్నతనంగా తోస్తుంది. ఇవన్నీ కలిసి నోరు మూయిస్తాయి.

బయలుదేరక ముందు

డైవర్లకు సర్టిఫికెట్లు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ పాడీ పద్ధతిలో ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకు కూర్చోవాలంటే 18 ఏళ్ళు నిండి ఉండాలి, చేసిన డైవ్‌లు రాసుకునే లాగ్‌బుక్‌లో 100 డైవ్‌లు ఉండాలి, గత 12 నెలల లోపు వైద్యుడు సంతకం చేసిన ఆరోగ్య పత్రం ఉండాలి. ఆ పత్రం మీద తెలిసిన డాక్టరు చేత నిలుచున్న పళంగా సంతకం పెట్టించుకోవడం మన దగ్గర మామూలైపోయింది. దాపరికం మొదలయ్యేది అక్కడే. చిన్ననాటి ఉబ్బసం, ఎప్పుడో ఒకసారి వచ్చిన మూర్ఛ, చెవి ఆపరేషను, వాడుతున్న మందులు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయాలి. ఒకప్పుడు ఊపిరితిత్తి దానంతటదే చిల్లిపడి ముడుచుకుపోయినవారికి నీటి అడుగున అదే మళ్ళీ జరిగితే, ఛాతీలో చిక్కిన గాలి పైకి వచ్చేకొద్దీ ఉబ్బి గుండెను నొక్కేస్తుంది. అందుకే ఆ ప్రశ్నకు అబద్ధం రాయడమంటే ప్రాణాన్ని పందెం కాయడమే. ఈఎన్‌టీ వైద్యుడి దగ్గరికి వెళ్ళినప్పుడు కూడా విహారయాత్రకని చెప్పక, రోజుకు చాలాసార్లు నీళ్ళలో పైకీ కిందికీ తిరిగే వృత్తి నేర్చుకోబోతున్నానని చెప్పి చెవులు చూపించుకోవాలి.

100 డైవ్‌లన్నది కనీసం మాత్రమే. హేవ్‌లాక్‌లోని నీమో రీఫ్ వంటి లోతు తక్కువ చోట ఎండగా ఉన్న రోజుల్లో ఆ లెక్క నింపుకున్నవారు, అక్కడికి దగ్గరలోనే ఉన్న జానీస్ గార్జ్ లోతులో ప్రవాహం ఎదురైతే తమ సంగతే చూసుకోలేరు.

చెవులు

నీటిలో మొదటి 10 మీటర్లలోనే ఒత్తిడి రెట్టింపవుతుంది. అదే 30 మీటర్ల నుంచి 40 మీటర్లకు దిగితే, ఉన్నదానికి నాలుగో వంతే పెరుగుతుంది. కాబట్టి చెవులకు ఎక్కువ శ్రమ కలిగేది లోతు డైవ్‌లలో కంటే లోతులేని శిక్షణలోనే. మాస్క్ తీసి పెట్టుకోవడం, జారిన రెగ్యులేటర్ (నోట పట్టుకుని ట్యాంకు గాలి పీల్చే సాధనం) వెతుక్కోవడం, స్పృహ తప్పిన డైవర్‌ను పైకి తేవడం వంటివి అయిదారు మీటర్లలో మళ్ళీ మళ్ళీ చేసి చూపించేటప్పుడు, ఒక్క పూటలోనే చెవులు ఆ ఒత్తిడి మార్పును ఎన్నోసార్లు తట్టుకోవాలి. దిగేటప్పుడు మీటరు మీటరుకూ, నొప్పి తెలియకముందే, ముక్కు మూసుకుని మెల్లగా ఊదాలి. తెరుచుకోకపోతే ఒక మీటరు పైకి రావాలి. అప్పటికీ కాకపోతే ఆ రోజుకు ఆ డైవ్ అయిపోయినట్టే.

ముక్కు దిబ్బడ మాత్రను అస్సలు నమ్మవద్దు. దాని ప్రభావం అడుగున ఉండగా తగ్గిపోతే, దిగేటప్పుడు తెరుచుకున్న దారి వచ్చేటప్పుడు మూసుకుపోతుంది. దిగలేనివారు తిరిగి బోటెక్కవచ్చు. పైకి రాలేనివారికి ట్యాంకులో గాలి ఉన్నంతసేపే గడువు. జలుబు చేస్తే చెప్పండి. దాచవద్దు.

పైకి రావడం

గాలి అయిపోయినప్పుడు 6 నుంచి 9 మీటర్ల లోతునుంచి ఊపిరి వదులుతూ పైకి చేరే అభ్యాసంలో విద్యార్థి ఒకసారి వస్తాడు. ఇన్‌స్ట్రక్టర్ మాత్రం ప్రతి విద్యార్థితోనూ పైకి వచ్చి, మళ్ళీ దిగి, మళ్ళీ వస్తాడు. అప్పటికే లోతు డైవ్‌ల వల్ల ఒంట్లో కరిగి ఉన్న నత్రజని, ఇలా పదే పదే పైకి రావడంతో బుడగలై బెండ్స్‌కు (ఆ బుడగల వల్ల కీళ్ళు, నరాలు దెబ్బతినే జబ్బు) దారితీయగలదు. కాబట్టి ఈ అభ్యాసాన్ని లోతు డైవ్ ముగిశాక పెట్టుకోవద్దు.

ఇక్కడ ఎక్కువమంది మోసపోయేది భుజం నొప్పితో. శిక్షణలో ఉన్నవారు ఒక్కొక్కటి 14 కిలోల పైబడిన ట్యాంకులను పొద్దున్నుంచీ మోస్తూనే ఉంటారు కనుక, సాయంత్రం భుజంలోనో మోచేతిలోనో మొదలైన నొప్పిని ఆ బరువు ఖాతాలో వేసి, నొప్పి మాత్ర మింగి పడుకుంటారు. అది బెండ్స్ కావచ్చు. వేళ్ళ తిమ్మిరి, చర్మం మీద నీలి మచ్చలు, ఎన్నడూ లేనంత నిస్సత్తువ, మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే చెప్పి, పడుకుని, స్వచ్ఛమైన ఆక్సిజన్ తీసుకోవాలి. ఆక్సిజన్‌తో నొప్పి తగ్గినా నయమైనట్టు కాదు. డైవింగ్ వైద్యుడు చూడాలి, ఒత్తిడి గదిలో (గాలి ఒత్తిడి పెంచి బుడగలను కరిగించే గది) చికిత్స అవసరం కావచ్చు. దానికోసం సముద్రం దాటి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) వెళ్ళాలి. సాయంత్రం ఫెర్రీలు ఆగిపోయాక నోరు విప్పితే తెల్లవారేదాకా ఆ బుడగలు ఒంట్లోనే ఉంటాయి.

తక్కినవి వరుసగా చెబుతాను.

లోతును, గడిపిన సమయాన్ని లెక్కగట్టే డైవ్ కంప్యూటర్ ఎవరిది వారే పెట్టుకోవాలి.

రోజూ డైవ్ చేసినవారు చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు గడవందే విమానం ఎక్కవద్దు. నొప్పో తిమ్మిరో ఉంటే 18 గంటలు గడిచినా, వైద్యుడు చూడందే ఎక్కవద్దు.

రాత్రి తాగి పొద్దున దిగవద్దు.

పైకి వచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడం విద్యార్థులకు చెప్పే పాఠం మాత్రమే అనుకోవద్దు.

చేయని డైవ్‌ను లాగ్‌బుక్‌లో రాయవద్దు.

బీమా పత్రం వృత్తి శిక్షణకు వర్తిస్తుందో లేదో డబ్బు కట్టకముందే చదవండి. ఒత్తిడి గది ఖర్చు అందులో ఉందో లేదో చూడండి.

ప్రతి ఉదయం బోటు మీది ఆక్సిజన్ సిలిండర్ తెరిచి మీటరు చూడండి. నిన్న ఎవరో చూశారన్న మాట చాలదు.

విద్యార్థులకు వీపు చూపవద్దు. మాస్క్‌లోకి నీరు చేరిన కొత్తవాడు రెప్పపాటులో ఊపిరి బిగబట్టి పైకి ఎగురుతాడు, చేయి చాస్తే అందేంత దగ్గర లేకపోతే మీరు ఆపలేరు. బిగబట్టిన ఊపిరితో ఒకటి రెండు మీటర్లు పైకి వచ్చినా ఊపిరితిత్తులు చిరగగలవు.

పర్యాటకులు ఎక్కువయ్యారని నిబంధనకు మించి ఒక్కరినైనా తీసుకోవద్దు. నీరు మసకగా ఉంటే నిబంధనలో ఉన్న సంఖ్యను కూడా తగ్గించండి.

శిక్షకుడు కోప్పడతాడని దాచవద్దు. ఫీజు పోతుందని దాచవద్దు. పరీక్ష పెట్టేవారు మళ్ళీ వస్తారు, చెవి మళ్ళీ రాదు.

జలుబైనా, తిమ్మిరైనా, రాత్రంతా నిద్ర పట్టకపోయినా బోటెక్కకముందే చెప్పండి. విన్నాక కూడా ‘ఏం కాదులే, దిగు’ అనే శిక్షకుడు ఎదురైతే, ఆ రోజే సామాను సర్దుకుని మరొకరి దగ్గర చేరండి.