రాజులు, ప్రభువుల చిత్రపటాన్ని చదవడం ఎలా?

యూరప్ రాజుల పాత పోర్ట్రెయిట్ కనబడగానే అందరి చూపూ ముఖం మీదకే పోతుంది. ముఖాన్ని చివరికి ఉంచుకోండి. హోదా అంతా దాని చుట్టూనే ఉంటుంది.

1. చిత్రకారుడు మిమ్మల్ని ఎక్కడ నిలబెట్టాడో గమనించండి. సుమారు 1635లో వాన్ డైక్ గీసిన, వేటకు వచ్చిన ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ చిత్రాన్ని చూడండి. చార్లెస్ పొట్టివాడు. కానీ చిత్రంలో మన చూపు కిందినుంచి పైకి వెళ్తుంది, పక్కనున్న గుర్రం తల వంచి ఉంటుంది. అందుకే రాజు ఎత్తుగా కనిపిస్తాడు. కిరీటం లేదు, సింహాసనం లేదు. నడుము మీద చేయి వేసుకుని తీరిగ్గా నిలబడ్డాడు. అధికారాన్ని ఇంత నిబ్బరంగా చూపిన చిత్రం నాకు మరొకటి తెలియదు.

2. బట్టలు, వస్తువులు ఒక్కొక్కటిగా చూడండి. 1701లో రిగో వేసిన పద్నాలుగో లూయీ చిత్రంలో నీలి వస్త్రం నిండా బంగారు లిల్లీ పూలున్నాయి. అవి ఫ్రెంచి రాజవంశపు గుర్తు. లోపల ఎర్మిన్ అనే చిన్న జంతువు తెల్ల బొచ్చు, కాళ్లకు ఎర్ర మడమల బూట్లు. రాజదండాన్ని మాత్రం తలకిందులుగా, చేతికర్రలా ఆనించి పట్టుకున్నాడు. 60 దాటిన మనిషికి నర్తకుడి కాళ్లు వేశాడు రిగో. ముఖంలో మాత్రం వయసు దాచలేదు.

3. వెనకాల ఏముందో చూడండి. స్తంభాలు, బరువైన తెరలు దాదాపు అన్ని చిత్రాల్లోనూ ఉంటాయి, వాటి దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. పొలాలుంటే మాత్రం ఆగండి. సుమారు 1750లో గెయిన్స్‌బరో గీసిన ఆండ్రూస్ అనే భూస్వామి దంపతుల చిత్రంలో వాళ్లు ఒక పక్కకి జరిగి ఉంటారు. మిగతా చోటంతా పొలాలే.

4. ఇప్పుడు ముఖం, చేతులు. 1650లో వెలాస్కెజ్ వేసిన పోప్ పదో ఇన్నోసెంట్ చిత్రంలో ఎర్రని పట్టునీ, బంగారు కుర్చీనీ అరచేత్తో కప్పి కళ్లు మాత్రమే చూడండి. ఎదుటివాడిని ఇట్టే నమ్మని చూపు అది. బిగిసిన పెదవులు కూడా అదే చెబుతాయి. ఆ మనిషి స్వభావమంతా అక్కడే ఉంది.

5. చిత్రం ఎవరి కోసమో తెలుసుకోండి. లూయీ చిత్రాన్ని స్పెయిన్ రాజైన మనవడికి పంపాలనుకున్నారు, చివరికి ఫ్రాన్స్‌లోనే ఉంచేసుకున్నారు. రాజు లేనిచోట రాజుగా నిలబడాల్సిన బొమ్మ కాబట్టే అంత ఆర్భాటం.

6. వీలైతే ఒకే మనిషిని ఇద్దరు గీసిన చిత్రాలు పక్కపక్కన పెట్టుకోండి. 1631లో మైటెన్స్ గీసిన చార్లెస్, వాన్ డైక్ చార్లెస్‌తో మొదలుపెట్టండి. మైటెన్స్ దగ్గర రాజు బిగుసుకుని నిలబడ్డాడు. ముందు భుజాలు, తర్వాత చేతులు పోల్చి చూడండి.