పిల్లల వైద్య రికార్డుల నకళ్లకు దరఖాస్తు విధానం: తల్లిదండ్రుల హక్కులు, ఆసుపత్రి పాటించవలసిన గోప్యత

బిడ్డ ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినప్పుడు తయారయ్యే కేస్ షీట్, నర్సుల చార్టులు, రక్తపరీక్షలు, స్కానింగుల నివేదికలు, ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి సమ్మరీ వంటి వాటి నకళ్లను కోరే హక్కు ఆ బిడ్డ తరఫున తల్లిదండ్రులకు ఉంది. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారం రోగి గానీ, రోగి తరఫున అధీకృత సహాయకుడు గానీ రికార్డులు అడిగినప్పుడు ఆ అభ్యర్థన అందినట్లు రాసి ఇచ్చి, 72 గంటల లోపల పత్రాలు అందజేయాలి. దీని స్థానంలో జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు మొదట్లో కొత్త నిబంధనలు ప్రకటించినా, అదే నెలలో వాటిని నిలుపుదల చేయడం వల్ల 2002 నాటి నియమావళి అమలులో కొనసాగింది. కాబట్టి దరఖాస్తులో దానినే ప్రస్తావించడం మంచిది.

ఆలస్యం చేయకూడదనడానికి బలమైన కారణం ఒకటి ఉంది. అదే నియమావళి ఇన్‌పేషెంట్ల రికార్డులను చికిత్స ప్రారంభమైన తేదీ నుంచి మూడేళ్లపాటు భద్రపరచాలని మాత్రమే చెబుతుంది. పుట్టిన వెంటనే నవజాత శిశువుల ఐసీయూలో ఉన్న బిడ్డకు మాటలు రావడం లేదనో, నడక ఆలస్యమైందనో తల్లిదండ్రులు గుర్తించి, నరాల వైద్యుడిని కలిసి, వైకల్య ధ్రువీకరణ కోసం సదరం శిబిరానికి వెళ్లేనాటికి ఆ మూడేళ్లు గడిచిపోవచ్చు. పుట్టగానే ఏడ్చిందా, బరువు ఎంత, ఎన్ని రోజులు ఆక్సిజన్ పెట్టారు, కామెర్లు ఏ స్థాయికి చేరాయి, ఫిట్స్ వచ్చాయా అన్న వివరాలు డిశ్చార్జి సమ్మరీలో ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టి ఉంటాయి. పూర్తి వివరం కేస్ షీట్‌లోనే దొరుకుతుంది. అందుచేత ఐసీయూలో ఉండి వచ్చిన పిల్లల విషయంలో డిశ్చార్జి అయిన వారంలోనే పూర్తి కేస్ షీట్ నకలుకు దరఖాస్తు చేయాలని ప్రతి కుటుంబానికీ గట్టిగా చెప్పాలి.

ఎవరు దరఖాస్తు చేయవచ్చు

పద్దెనిమిదేళ్లు నిండని బిడ్డ తరఫున తల్లి గానీ తండ్రి గానీ దరఖాస్తు చేయవచ్చు. తండ్రి సంతకం లేనిదే ఇవ్వబోమని కొన్నిచోట్ల తల్లులను తిప్పి పంపుతుంటారు. నియమావళిలో అటువంటి షరతు లేదు. పైగా తండ్రి అందుబాటులో లేనప్పుడు, లేదా బిడ్డ బాధ్యత చూడనప్పుడు తల్లి కూడా సహజ సంరక్షకురాలేనని సుప్రీంకోర్టు 1999లోనే స్పష్టం చేసింది. తల్లిదండ్రులిద్దరూ గల్ఫ్ దేశాలలో ఉండి బిడ్డ అమ్మమ్మ దగ్గర లేదా నాయనమ్మ దగ్గర పెరుగుతుంటే, తల్లిదండ్రులలో ఒకరు సంతకం చేసిన అధికార పత్రాన్ని, గుర్తింపు కార్డు నకలును జతచేయాలి. దత్తత తీసుకున్నవారు దత్తత ఉత్తర్వును, కోర్టు నియమించిన సంరక్షకులు ఆ ఉత్తర్వును చూపాలి. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండిన రోజు నుంచి ఈ హక్కు నేరుగా ఆ యువకుడికి లేదా యువతికి చెందుతుంది. ఆ తరువాత తల్లిదండ్రులు అడగాలన్నా వారి రాతపూర్వక అనుమతి కావాలి.

దరఖాస్తు ఎలా రాయాలి, ఎక్కడ ఇవ్వాలి

ప్రైవేటు ఆసుపత్రిలో మెడికల్ రికార్డ్స్ విభాగానికి, ప్రభుత్వ ఆసుపత్రిలో సూపరింటెండెంట్ పేరున తెల్లకాగితం మీద రాసి ఇస్తే సరిపోతుంది; ఆసుపత్రికి సొంత ఫారం ఉంటే దానిని నింపి, ఈ కాగితాన్ని దానికి జతచేయవచ్చు. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జి అయిన తేదీ, వార్డు పేరు తప్పక ఉండాలి. ‘రికార్డులన్నీ ఇవ్వండి’ అని రాస్తే డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చేతిలో పెట్టే అవకాశం ఉంది కాబట్టి కావలసిన పత్రాలను విడివిడిగా పేర్కొనాలి. వాక్యాలు ఈ విధంగా ఉండవచ్చు:

‘పై వివరాలు గల మా కుమార్తె తరఫున, ఆమె సంరక్షకురాలినైన నేను, ఆమె పూర్తి కేస్ షీట్, నర్సింగ్ చార్టులు, ఇచ్చిన మందుల వివరాలు, అన్ని పరీక్షల నివేదికలు, స్కానింగ్ చిత్రాల నకళ్లను 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారం 72 గంటల లోపల ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. నకళ్లకు అయ్యే ఖర్చు చెల్లించగలను.’

దీనికి బిడ్డ జనన ధ్రువీకరణ పత్రం, డిశ్చార్జి కాగితం, దరఖాస్తుదారు గుర్తింపు కార్డు నకళ్లను జతచేయాలి. ఆధార్ ఇవ్వవలసి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. దరఖాస్తును రెండు ప్రతులుగా తయారు చేసి, ఒకదాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోవాలి. అలా వేసి ఇవ్వడానికి నిరాకరిస్తే అదే దరఖాస్తును స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోవాలి. గడువు లెక్కించాలన్నా, తరువాత ఫిర్యాదు చేయాలన్నా ఆధారం ఈ ముద్ర లేదా రసీదే.

బిల్లు బకాయి ఉందన్న కారణం చూపి రికార్డులు ఆపవచ్చని 2002 నాటి నియమావళిలో ఎక్కడా లేదు. మెడికో లీగల్ (పోలీసు విచారణతో ముడిపడిన) కేసయి, అసలు కాగితాలు పోలీసులకు అప్పగించామని చెబితే, ఏ తేదీన ఎవరికి అప్పగించారో రాతపూర్వకంగా ఇవ్వమని అడిగి, ఆసుపత్రి దగ్గర మిగిలిన నకలును కోరాలి.

ప్రభుత్వ ఆసుపత్రి స్పందించకపోతే అక్కడి పౌర సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. జిల్లా స్థాయి ఆసుపత్రులకు రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. సమాధానానికి గడువు 30 రోజులు. ఇది వ్యక్తిగత సమాచారమంటూ తిరస్కరించకుండా, అడుగుతున్నది సొంత బిడ్డ రికార్డేనని తెలిపే జనన ధ్రువీకరణ పత్రాన్ని మొదటే జతచేయాలి.

గోప్యత కోరుతూ లేఖ

నకలు తీసుకోవడం ఎంత ముఖ్యమో, ఆ సమాచారం ఇతరుల చేతుల్లో పడకుండా చూసుకోవడం అంతకన్నా ముఖ్యం. చికిత్స సమయంలో తెలిసిన రహస్యాలను వైద్యుడు బయటపెట్టకూడదు. న్యాయస్థానం ఆదేశించినప్పుడు, ఒక వ్యక్తికి లేదా సమాజానికి గుర్తించదగిన తీవ్రమైన ముప్పు ఉన్నప్పుడు, తప్పక తెలియజేయవలసిన అంటువ్యాధుల విషయంలో మాత్రమే మినహాయింపు ఉంది. గుర్తుపట్టేలా ఉన్న ఫొటోను గానీ, కేసు వివరాలను గానీ అనుమతి లేకుండా వైద్య పత్రికల్లో సైతం ప్రచురించరాదు. పుట్టుకతో వచ్చిన లోపానికి ఆపరేషన్ చేయించుకున్న పసిపిల్లల ఫొటోలు ఆసుపత్రుల ప్రచారానికి వాడుకునే అవకాశం ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు సంతకం చేయించే కాగితాల కట్టలో ఫొటో అనుమతి కూడా ఉండవచ్చు కాబట్టి, ఇష్టం లేకపోతే ఆ వాక్యాన్ని కొట్టివేసి పక్కన సంతకం చేయండి. ‘మా బిడ్డ ఫొటోలు, వీడియోలు, వ్యాధి వివరాలు చికిత్సకు తప్ప మరే పనికీ వాడరాదు’ అని విడిగా లేఖ ఇచ్చి దానికీ ముద్ర వేయించుకోండి.

పాఠశాల ఆరోగ్య వివరాలు అడిగినప్పుడు మొత్తం ఫైలు ఇవ్వనవసరం లేదు. మూర్ఛ ఉన్న బిడ్డ విషయంలో ఉపాధ్యాయులకు తెలియవలసింది ఫిట్స్ వస్తే ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఎన్ని నిమిషాలు దాటితే ఆసుపత్రికి తరలించాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవే. ఎమ్మారై నివేదికతో వారికి పని లేదు. వైద్యుడి చేత ఆ మేరకు ఒక పేజీ లేఖ రాయించి ఇస్తే చాలు. హెచ్‌ఐవీ విషయంలో 2017 నాటి చట్టం మరింత కఠినంగా ఉంది: సమ్మతి లేకుండా వెల్లడించడాన్ని, ఆ కారణంగా బడిలో ప్రవేశం నిరాకరించడాన్ని రెంటినీ నిషేధించింది. పిల్లలపై లైంగిక నేరాల (పోక్సో) కేసులలో బాధిత బిడ్డ పేరు, చిరునామా, ఫొటో, బడి పేరు మీడియాలో రాకూడదు. మైనర్ బాలిక గర్భవిచ్ఛిత్తి కోసం వచ్చినప్పుడు, ఆమె, ఆమె సంరక్షకులు కోరితే, పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆమె గుర్తింపును వైద్యుడు వెల్లడించనవసరం లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. భయంతో చట్టబద్ధం కాని చోట్లకు వెళ్లే కుటుంబాలకు ఈ సంగతి తప్పక తెలియాలి.

ఆభా (డిజిటల్ ఆరోగ్య) ఖాతా స్వచ్ఛందం. అది లేదన్న కారణంగా బిడ్డకు చికిత్స నిరాకరించకూడదు. తెరిచినవారు ఏ ఆసుపత్రికి, ఎంతకాలం రికార్డులు చూసే సమ్మతి ఇచ్చారో యాప్‌లో అప్పుడప్పుడూ చూసుకుని, అక్కరలేని సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి కావాలంటుంది. అయితే చికిత్సకు అవసరమైనంత మేరకు ఆసుపత్రులకు మినహాయింపు ఉంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడినా, ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల వ్యవధి ఇచ్చారు. అందువల్ల దరఖాస్తును ఈ ఒక్క చట్టం మీదే ఆధారపడి రాయవద్దు.

నిరాకరిస్తే

72 గంటలు దాటినా పత్రాలు రాకపోతే మొదట ఆసుపత్రి యాజమాన్యానికి లేదా సూపరింటెండెంట్‌కు గుర్తుచేస్తూ లేఖ ఇవ్వాలి. ఆ తరువాత జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి, చికిత్స చేసిన వైద్యుడి మీద ఆయన నమోదై ఉన్న రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. గడువులోగా రికార్డులు ఇవ్వకపోవడం నియమావళి దృష్టిలో వృత్తిపరమైన దుష్ప్రవర్తన. మండలి ఆరు నెలల లోపల నిర్ణయం తీసుకోవాలి. ఫీజు తీసుకుని చికిత్స చేసిన ఆసుపత్రి అయితే సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌ను కూడా ఆశ్రయించవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే అక్కడ దాఖలు రుసుము ఉండదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. కాకపోతే నిరాకరించిన నాటి నుంచి రెండేళ్ల లోపల ఫిర్యాదు దాఖలు చేయాలి. ముద్ర వేసిన దరఖాస్తు ప్రతి, పోస్టు రసీదు, గుర్తుచేస్తూ రాసిన లేఖ ఈ ఫిర్యాదుకు తప్పక జతచేయాలి.